మూడుసార్లు అడిగాను

జనవరి 18

మళ్ళీ రాజధాని. మళ్ళీ అదే హాలు, అవే నల్ల కుర్చీలు, మాట్లాడేవాళ్ళకు మనిషికి రెండేసి నిమిషాలు. చిత్తడి నేలల చట్టం కోసం ఈ హాలుకి ఎన్నిసార్లు వచ్చామో లెక్క పెట్టడం మానేశాను. రాష్ట్రంలో ఎక్కడున్నా సరే, మడుగుల్నీ తుంగ నేలల్నీ పూడ్చకూడదు. మేం అడిగే చట్టం ఇంతే. ఈ చిన్న మాట చెప్పడానికి రెండేళ్ళుగా తిరుగుతున్నాం, వినేవాళ్ళు ఇంకా ఆవలిస్తూనే ఉన్నారు.

ఈసారి వదిన ఒక తుంగ కట్ట వెంట తెచ్చింది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టు ఇదేమిటి వదినా అంటే, దేని గురించి మాట్లాడుతున్నామో వాళ్ళు ఒక్కసారైనా కళ్ళతో చూడొద్దా అంది. గేటు దగ్గర కాపలా మనిషి ఆపేశాడు. అతనితో వాదించి వాదించి, చివరికి కట్ట అతని దగ్గరే వదిలేసి, ఒక్క పుల్ల సంచిలో దాచుకుని లోపలికి వచ్చింది.

తన వంతు వచ్చినప్పుడు ఆ పుల్ల పైకెత్తి చూపించింది. "మా ఇళ్ళ వెనక మడుగుంది. దాంట్లో ఈ తుంగ కోసుకుని చాపలు అల్లుకుంటాను. గోదాములు కట్టేవాళ్ళు దాన్ని పూడ్చడానికి అనుమతి తెచ్చుకున్నారు. పూడిస్తే తుంగ ఉండదు. తుంగ లేకపోతే నాకు పనుండదు. అంతే." ఇంకా సమయం మిగిలి ఉండగానే కూర్చుంది. శాసనసభ కమిటీ అధ్యక్షుడు ఫోన్లోంచి తల ఎత్తడం నేను మొదటిసారి చూశాను.

బస్సులో నా భుజం మీద తల పెట్టి గురక పెట్టింది. అన్నయ్య పోయాక మా ఇంట్లోకి వచ్చేయమంటే రాలేదు. మధ్యలో గోడ ఉంటేనే ఆడపడుచుతో పొత్తు నిలుస్తుందంట. నడుమెత్తు గోడ, దానికి అటు తనూ ఇటు నేనూ ఆనుకుని కబుర్లు చెప్పుకోవడమే తప్ప అది అడ్డుకున్నదేమీ లేదు.

జనవరి 27

మా కళ్ళజోళ్ళ షాపులో ఇవాళ ఒక పెద్దావిడ. కళ్ళకు అద్దాలు మార్చి మార్చి పెడుతూ ఇలా బాగుందా, ఇప్పుడు బాగుందా అని అడుగుతుంటే, "నీకెలా బాగుంటే అలాగే పెట్టమ్మా" అంది. నాకు బాగుంటే ఏం లాభం, కళ్ళు మీవి కదా అన్నాను. ఇంటికొచ్చి వదినకు చెబితే పడీ పడీ నవ్వింది.

ఫిబ్రవరి 4

ఆదివారం. బేకరీ మేడ మీద గదిలో సమావేశం. బేకరీ ఆయన అద్దె తీసుకోడు. బదులుగా అందరం తలా ఒక రొట్టె కొనుక్కుని దిగాలి.

మా గుంపులో ఓట్లు లేవు. మొదట్లో ఓట్లతోనే చీలిపోబోయాం. అప్పుడు ఈ పద్ధతి పెట్టింది నేనే. ఏ నిర్ణయం తీసుకునేముందైనా అభ్యంతరం ఉందా అని మూడుసార్లు అడగాలి. ఒక్కరు ఉందన్నా ఆ పని ఆగిపోతుంది. అడిగే మనిషి మాత్రం తన అభిప్రాయం చెప్పకూడదు, అడిగే గొంతు ఎటు వంగితే అందరూ అటే వంగుతారు కాబట్టి. చెప్పి తీరాలనుకుంటే అడిగే పని పక్కవాళ్ళకు అప్పగించి, తర్వాత మాట్లాడొచ్చు. పద్ధతి పెట్టిన పాపానికి అడిగే పని నాకే అంటగట్టారు.

ఇవాళ కరపత్రాల విషయంలో మూడుసార్లు అడిగాక వదిన అంది: "మౌనం అర్ధాంగీకారం అంటారు. సగమేగా. మిగతా సగం ఎవరి దగ్గర తీసుకుంటారు?" ఇంజనీరుగారు కూడా నవ్వారు. ఆయన నవ్వడం అరుదు. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ చెరువు గట్లు కట్టించి, రిటైరయ్యాక ఈ గుంపు కట్టారు. రెండూ ఎక్కడో ఒకచోట కారుతూనే ఉంటాయంటారు.

ఫిబ్రవరి 15

లాయరమ్మ షాపుకి వచ్చింది. మా బిల్లు మొత్తం రాసిపెట్టిన పిల్ల. కళ్ళజోళ్ళ ఫ్రేములు తిప్పి చూస్తూ, ఒకటి పెట్టుకుని తీసేస్తూ, నా ముఖం చూడకుండా చెప్పింది.

కమిటీ అధ్యక్షుడు ఒప్పుకున్నాడట. ఒక్క షరతు మీద. ఇప్పటికే అనుమతులు వచ్చిన చోట్లకు ఈ చట్టం వర్తించదని ఒక వాక్యం చేర్చాలి. చేరిస్తే బిల్లు వచ్చే నెలే సభలోకి వెళ్తుంది. లేదంటే ఎన్నికల తర్వాత చూద్దామన్నాడు. ఎన్నికల తర్వాత అంటే ఏమిటో అందరికీ తెలుసు.

అలా అనుమతులు వచ్చిన చోట్లు రాష్ట్రంలో నాలుగైదు. మన మడుగు అందులో ఒకటి.

ఆదివారం అందరం కూర్చుని తేల్చుకుందామంది. సరేనన్నాను. ఫ్రేము కొనకుండానే వెళ్ళిపోయింది.

వదినకు చెప్పలేదు. ఆదివారం తనే వింటుంది కదా, ముందే చెప్పి మూడు రోజులు నిద్ర పాడుచేయడం ఎందుకు.

ఫిబ్రవరి 18

వదిన రాలేదు. మోకాలు వాచిపోయింది. తెల్లవారుజామున మడుగులోకి దిగుతుంటే జారిందట. ఆ బేకరీ మెట్లు నావల్ల కాదు అమ్మాయ్ అంది గోడ మీదుగా. అప్పుడైనా చెప్పొచ్చు. నోటిదాకా వచ్చింది. ఈలోపు తనే, "నువ్వెళ్తున్నావుగా. నువ్వున్న చోట నేనున్నట్టే" అంది. బస్సుకు టైమైపోతోంది.

గదిలో అందరూ నాకంటే ముందే వచ్చేశారు. ఎప్పుడూ ఆలస్యంగా వచ్చే పక్షుల మాస్టారు కూడా. ఆయన స్కూల్లో డ్రాయింగు చెబుతాడు. మిగతా టైమంతా మా మడుగు గట్టు మీదే, కెమెరా పట్టుకుని. ఆయనైనా ఏదో ఒకటి అంటాడనుకున్నాను.

లాయరమ్మ షరతు చదివింది. ఇంజనీరుగారు చాలాసేపు మాట్లాడారు. రాష్ట్రమంతా వందలాది మడుగులు ఒకవైపు, ఈ నాలుగైదు ఒకవైపు, ఇవాళ ఇది వదులుకుంటే అన్నీ పోతాయి అన్నారు. ఆయన చెప్పిందాంట్లో తప్పేమీ లేదు. ఆ మాట ఇప్పుడూ అంటాను. మాట్లాడుతున్నంతసేపూ అరచేతుల వైపే చూసుకున్నారు.

తర్వాత నావైపు తిరిగి, అడుగమ్మా అన్నారు.

ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాను. ఫ్యాను చప్పుడు.

రెండోసారి అడిగాను. పక్షుల మాస్టారు గొంతు సవరించుకున్నాడు. ఆయన మంచినీళ్ళ సీసా మూత తీసి తాగాడు.

మూడోసారి ఆగి అడిగాను. మామూలుకంటే ఎక్కువసేపే ఆగాను. అది మాత్రం నిజం. అందరూ ఒకసారి నావైపు చూశారు, తర్వాత చూపులు తిప్పుకున్నారు.

ఆమోదం అన్నాను. గొంతు మామూలుగానే ఉంది. రెండేళ్ళుగా అలవాటైన గొంతు.

దిగేటప్పుడు బేకరీ ఆయన వేడి వేడి బన్ను చేతిలో పెట్టాడు. ఆకలేసింది, తిన్నాను కూడా.

ఫిబ్రవరి 19

తలనొప్పి. షాపుకి వెళ్ళలేదు.

ఫిబ్రవరి 20

ప్రశాంతంగా ఆలోచిస్తే ఇందులో నేను చేసిన తప్పేమిటి? అడిగే మనిషి చెప్పకూడదు. పద్ధతి అంటే పద్ధతే. మనకు నొప్పి పుట్టినప్పుడల్లా మార్చుకుంటే అది పద్ధతి ఎలా అవుతుంది. అక్కడ అంతమంది ఉన్నారు. ఒక్కరు నోరు విప్పితే ఆగేది. అంతమంది విప్పలేదంటే అదే సరైందేమో.

వదిన వచ్చి ఉంటే తనే చెప్పుకునేది. వాచిన మోకాలికి కట్టు కట్టుకుని రాలేకపోయిందా? ఎవరైనా రెండు వైపులా పట్టుకుని ఎక్కించేవాళ్ళు.

పై మూడు వాక్యాలు కొట్టేద్దామనుకున్నాను. ఉండనీ. నా బుద్ధి నాకు తెలియాలి.

ఫిబ్రవరి 23

ఇవాళ చెప్పాలి.

ఫిబ్రవరి 24

వదిన ఇంట్లో లేదు.

ఫిబ్రవరి 25

నిన్న వదిన ఇంట్లోనే ఉంది. నేనే వెళ్ళలేదు.

ఇవాళ వెళ్ళాను. మోకాలికి రాసుకోవడానికి మందు తీసుకెళ్ళాను. దాని గురించి మాట్లాడాను, ఎండల గురించి మాట్లాడాను, పక్కింటి కుక్క గురించి మాట్లాడాను. చల్లకొచ్చి ముంత దాచడం అంటే ఇదే. చివరికి తనే అడిగింది, ఆదివారం ఏమైందని. బిల్లు సభలోకి వెళ్తోంది వదినా అన్నాను. అది అబద్ధం కాదు. వాచిన కాలితోనే లేచి నన్ను వాటేసుకుంది.

మా ఆయన రాత్రి భోజనాల దగ్గర, చెప్పావా అన్నాడు. రేపు చెప్తానన్నాను. పుండు రేపటికి పెద్దదవుతుంది తప్ప చిన్నదవదు అన్నాడు. అంత తెలిసినవాడివి నువ్వే వెళ్ళి చెప్పు అన్నాను. కంచం తీసుకుని లేచిపోయాడు.

మార్చి 6

వదిన పెద్ద చాప మొదలుపెట్టింది. బేకరీ గది నేల కొలత నన్నే అడిగింది. చట్టం వచ్చిన రోజు అందరం కుర్చీలు పక్కకు నెట్టి కింద కూర్చోవాలంట, కుర్చీల్లో కూర్చుని మనం కూడా వాళ్ళలాగే తయారవుతున్నామంట. మంచి పొడుగు తుంగ ఏరి పెట్టింది. అంచుకు ఎర్ర రంగు అద్దుతోంది.

కొలత చెప్పాను. చెప్పాల్సింది అది కాదు.

మార్చి 9

రేపు చెప్తాను.

మార్చి 15

చట్టం పాసయింది. తేదీ వేసి రాసుకోవాల్సిన మాట, రాశాను.

సభ గ్యాలరీలో వదిన నా చెయ్యి పట్టుకుని కూర్చుంది. చదివినవాళ్ళు గబగబా చదువుకుపోయారు, చేతులెత్తారు, అయిపోయింది. ఆ షరతు చదివినప్పుడు నేను దగ్గాను. దగ్గు రాలేదు, దగ్గాను. అయినా ఆ హడావుడిలో ఏ ముక్కా ఎవరికీ వినపడలేదు.

బయట మెట్ల మీద ఫొటోలు. వదిన చుట్టిన చాప భుజాన వేసుకుని పెళ్ళిపెద్దలా తిరుగుతోంది. ఇంజనీరుగారు వదినకు నమస్కారం పెట్టారు. పక్షుల మాస్టారు దగ్గరకే రాలేదు. అందరూ వదినతో మామూలుకంటే మర్యాదగా ఉన్నారు. నేను చెప్పేశాననే వాళ్ళందరి నమ్మకం. నేను తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, ఇంకొంచెంసేపు గడిస్తే చాలు, ఇంటికెళ్ళాక చెప్తాను, ఇంటికెళ్ళాక చెప్తాను అనుకుంటున్నాను.

లాయరమ్మ వచ్చి వదినను కౌగిలించుకుంది. ఏడుస్తోంది పాపం. "మీ మడుగు వదులుకుని ఇంతమందికి చట్టం ఇచ్చారు. మీ మనసు ఎవరికుంటుంది" అంది.

వదిన నవ్వుముఖంతోనే నావైపు తిరిగింది. "ఏం వదులుకున్నానంట?" అంది.

నేను చెప్పలేదు. లాయరమ్మే చెప్పింది, నా ముఖం ఒకసారి చూసి, తడబడుతూ.

బస్సులో వదిన కిటికీ పక్కన కూర్చుంది. నిద్రపోలేదు. దిగేటప్పుడు చాప పై అరలో వదిలేసి దిగింది. వెనక సీట్లోంచి పక్షుల మాస్టారు దాన్ని తీసుకోవడం చూశాను.

మార్చి 16

పొద్దున్నే గోడ దగ్గర. నేనే వెళ్ళాను. ఏడుపు రాకముందే అంతా చెప్పేయాలని పద్ధతి గురించి మొదలుపెట్టాను, అడిగే మనిషి చెప్పకూడదు వదినా, నీకు తెలుసు కదా, మూడుసార్లు అడిగాను అన్నాను.

వదిన బట్టలు ఆరేస్తోంది. ఆరేయడం ఆపలేదు.

"వాళ్ళను మూడుసార్లు అడిగావు. నాలుగోసారి మా గుమ్మంలోకొచ్చి నన్ను అడగాల్సింది."

నువ్వు వద్దంటావని తెలుసు వదినా, అందుకే అడగలేకపోయాను అన్నాను.

"నీకేం తెలుసు? అంతమందికి మంచి జరుగుతుందంటే సరేననేదాన్నేమో. తిట్టి, ఏడ్చి, చివరికి సరేననేదాన్నేమో. ఇప్పుడు నాక్కూడా తెలీదు, నేనేమనేదాన్నో. ఆ మాట నా నోట్లోంచి తీసేసుకున్నావు అమ్మాయ్."

ఖాళీ బకెట్టు తీసుకుని లోపలికి వెళ్ళింది. 

మార్చి 24

లారీలు వచ్చాయి. మట్టి మడుగులోకి జారుతుంటే పెద్ద చప్పుడేమీ రాదు. చట్టం కావాలని రెండేళ్ళు అరిచాం కాబట్టి ఇదీ ఏదో భయంకరంగా వినిపిస్తుందనుకున్నాను. మెత్తగా జారిపోతోంది, అంతే. కొంగలు మొదటి లారీకి లేచి, తిరిగొచ్చి వాలాయి. రెండో లారీకి లేచి, మళ్ళీ వాలాయి. సాయంత్రానికి గోదాం వాళ్ళు కట్టిన కంచె మీద వాలి కూర్చున్నాయి.

వదిన ఇంటి వెనక తలుపు మూసే ఉంది.

మార్చి 25

లారీలు.

ఏప్రిల్ 2

ఇంజనీరుగారు షాపుకి వచ్చారు, చూపు మసకేస్తోందని. కుర్చీలో కూర్చోబెట్టి అద్దాలు మారుస్తున్నాను. ఇలా బాగుందా. ఇప్పుడు బాగుందా. ఆయన గోడ మీది అక్షరాలు చదవడం మానేసి మాట్లాడటం మొదలుపెట్టారు.

చట్టం అమలు తేదీ ఇంకా ప్రకటించలేదట. ప్రకటించేలోపు వచ్చిన అనుమతులన్నీ పాతవాటి కిందే చెల్లుతాయట. రాష్ట్రమంతటా ఆఫీసుల ముందు పూడ్చేవాళ్ళు బారులు తీరుతున్నారట. నాలుగైదు అనుకున్నవి ఎన్నవుతాయో తెలీదు. తేదీ కోసం మళ్ళీ తిరగాలి అన్నారు. ఆయన గొంతులో ఇంత నీరసం నేనెప్పుడూ వినలేదు.

అద్దం మార్చాను.

అప్పుడు అన్నారు. "ఆ రోజు నువ్వు అడిగే పని నాకప్పగించి మాట్లాడతావనుకున్నానమ్మా. అందరం అలాగే అనుకుని వచ్చాం. నువ్వు వద్దంటే ఆపేద్దామనే అనుకున్నాం. నీ ఇల్లు, మీ వదిన, నీకు లేని అభ్యంతరం మాకెక్కడిది? నువ్వేమో మూడుసార్లూ నిబ్బరంగా అడిగావు. నీ మనసు రాయి చేసుకుని ఒప్పుకున్నావనుకున్నాం."

నేను వాళ్ళ కోసం ఆగాను. వాళ్ళు నా కోసం ఆగారు. మూడోసారి అడిగినప్పుడు అందరూ నావైపు చూసింది అందుకేనన్నమాట.

ఆయన కళ్ళకు ఇందాక తీసేసిన అద్దాన్నే మళ్ళీ పెట్టాను. చూశారో లేదో. మసకగా కనపడుతోందన్నారు కదా.

ఏప్రిల్ 3

అందరం మంచివాళ్ళమే. అదే భరించలేకపోతున్నాను. ఒక్క చెడ్డవాడైనా ఉంటే తిట్టుకుని నిద్రపోదును.

ఏప్రిల్ 17

వదిన పనికి వెళ్తోంది. పూడ్చిన చోట పునాదులు తవ్వుతున్నారు, ఆ పనివాళ్ళకు నీళ్ళు మోసే పని. మోకాలు నయం కాక ఇంకా కుంటుతూనే ఉంది. తుంగ కోసే కొడవలి వెనక గోడకు తగిలించి ఉంది, మా వంటింటి కిటికీలోంచి కనపడుతుంది.

ఇవాళ వీధి మలుపులో ఎదురుపడింది. బిందె నేను పట్టుకుంటాను ఇటివ్వు వదినా అన్నాను. "మీకెందుకండీ శ్రమ" అంది.

ఎగతాళికి కాదు. కోపంతో కూడా కాదు. అద్దాలకొచ్చిన కొత్తవాళ్ళు నాతో ఎలా మాట్లాడతారో అలా. పెళ్ళయి మా ఇంట్లో అడుగుపెట్టినప్పుడు నాకు జడలు వేసిన మనిషి. అమ్మ తర్వాత నన్ను అమ్మాయ్ అని పిలిచేది వదిన ఒక్కతే. ఇక ఎవరూ లేరు.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. తిట్టినా బాగుండేది.

ఏప్రిల్ 21

వెళ్ళి కాళ్ళు పట్టుకుందామా అనుకున్నాను. పట్టుకుంటే క్షమిస్తుంది. ఆ మనిషి గుణం అది. క్షమించాక కూడా మడుగు ఉండదు, నీళ్ళు మోయడం తప్పదు. నా మనసు తేలిక చేసే పని కూడా తనతోనే చేయించుకోవాలా? వెళ్ళలేదు.

ఇది కూడా వెళ్ళకపోవడానికి సాకేమో. నా మాట నేనే నమ్మడం మానేశాను.

ఏప్రిల్ 29

సమావేశానికి వెళ్ళకూడదనుకున్నాను. వెళ్ళాను.

ఎర్ర అంచు చాప బేకరీ గదిలో మూలన చుట్టి నిలబెట్టి ఉంది. ఎవరూ పరవలేదు, ఎవరూ తీసేయలేదు. అందరం కుర్చీల్లోనే కూర్చున్నాం.

అమలు తేదీ కోసం ఊరూరా పంచడానికి ఒక చిన్న పుస్తకం వేస్తున్నారు, కొత్త చట్టం గురించి. అట్ట మీదికి పక్షుల మాస్టారు తీసిన ఫొటో. లాయరమ్మ పెద్దది చేసి గోడకు అంటించింది. మా మడుగు. తెల్లవారుతోంది, తుంగ మీద మంచు, కొంగలు అప్పుడే లేస్తున్నాయి. చాలా బాగుందన్నారు. నిజంగానే బాగుంది. కుడివైపు అంచున తుంగలో నడుము వంచి చిన్నగా ఒక మనిషి ఉంది. కొమ్మ అనుకున్నారో ఏమో, ఎవరూ ఏమీ అనలేదు. ఆ తలకట్టు నాకు తెలుసు.

ఇంజనీరుగారు మామూలుగానే, అడుగమ్మా అన్నారు.

ఎవరికైనా అభ్యంతరం ఉందా అని అడిగాను. ఎవరూ మాట్లాడలేదు. రెండోసారి అడిగాను. మూడోసారికి నోరు తెరిచాను కానీ ఆ ప్రశ్న రాలేదు.

"నాకుంది" అన్నాను.

అడిగే మనిషి చెప్పకూడదని ఎవరూ గుర్తు చేయలేదు. పక్షుల మాస్టారు కుర్చీలోంచి లేచేశాడు. "అయ్యో, దానికేముందమ్మా, మార్చేద్దాం" అన్నాడు, గోడ మీంచి ఫొటో పీకేస్తూనే. లాయరమ్మ ఫోన్లో వెతికి ఎక్కడిదో వేరే చెరువు చూపించింది. ఇదైతే ఫర్వాలేదా అని అందరూ నన్నే అడిగారు. తల ఊపాను. అందరూ తలలు ఊపారు. ఇంజనీరుగారు సరే, తర్వాతి విషయం అన్నారు.

కింద బేకరీ ఆయన పొయ్యిలో పెట్టిన రొట్టెలు ఇంకా తీయనైనా లేదు, అంతలోనే మార్చేశారు. ఒక్క మాట చాలింది.